కంటైనర్ ఇంటికి కరెంట్ లాగుతున్నారా? ఎర్తింగ్ వదిలేస్తే ఇల్లంతా షాకే!

మహేశ్వరం, తుక్కుగూడ, శంషాబాద్ వైపు వెళ్తే ఫామ్ ప్లాట్లలో కంటైనర్ ఇళ్లు కనిపిస్తున్నాయి. సైట్ల దగ్గర కూలీలకు, వాచ్‌మెన్లకూ ఇవే గదులు. క్రేన్‌తో దించితే ఇల్లు రెడీ. అసలు సమస్య కరెంట్ దగ్గరే మొదలవుతుంది.

బోరు కరెంట్ వాడొచ్చా?

వాడకూడదు. రాష్ట్రంలో వ్యవసాయానికి ఇచ్చే ఉచిత కరెంట్ పంటకే. దాంతో ఇంట్లో ఏసీ నడిపితే విద్యుత్ చట్టం-2003లోని సెక్షన్ 126 కింద అనధికార వాడకం అవుతుంది. వర్తించే టారిఫ్‌కు రెట్టింపు లెక్కన వసూలు చేస్తారు. ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే తనిఖీకి ముందు 12 నెలలకు లెక్క కడతారు. నేరుగా లైన్‌కు కొక్కెం తగిలిస్తే సెక్షన్ 135 కింద చోరీ కేసే.

అందుకే టీజీఎస్‌పీడీసీఎల్‌లో విడిగా కనెక్షన్‌కు అప్లై చేసుకోవాలి. నిర్మాణ పనులకైతే టెంపరరీ సప్లై కేటగిరీ ఉంది. కేంద్రం 2024లో సవరించిన నిబంధనల ప్రకారం, అన్ని పత్రాలతో దరఖాస్తు చేస్తే గ్రామాల్లో 15 రోజుల్లో, మున్సిపాలిటీల్లో 7 రోజుల్లో కొత్త కనెక్షన్ ఇవ్వాలి.

ఇనుప గోడలతోనే డేంజర్

మామూలు ఇంట్లో వైరు తెగితే గోడ ఇటుకది. ఇక్కడ గోడ, తలుపు, మెట్లు అన్నీ ఇనుమే. ఒక్క ఫేజ్ వైరు బాడీకి తగిలినా తలుపు పట్టుకున్న వాళ్లకు షాక్ కొడుతుంది. ఎంసీబీ ఉందిగా అనుకోవద్దు. 20 ఆంపియర్ల ఎంసీబీ వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. ప్రాణం తీయడానికి ఆంపియర్‌లో పదో వంతు కరెంట్ చాలు.

అందుకే ఇవి తప్పనిసరిగా చూసుకోవాలి:

* 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. లీకేజీ ఆ స్థాయికి చేరితే సెకనులో మూడో వంతు లోపే కరెంట్ కట్ చేస్తుంది. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడాలి.
* కంటైనర్ పక్కనే ఎర్త్ పిట్. బాడీకి రెండు చోట్ల ఎర్త్ వైరు బిగించాలి.
* న్యూట్రల్‌ను బాడీకి కలపొద్దు. బయట న్యూట్రల్ తెగితే ఇల్లంతా 230 వోల్టులు పాకుతుంది. అమెరికా కోడ్‌లోనూ మొబైల్ హోమ్‌కు న్యూట్రల్, ఎర్త్ వేర్వేరుగానే ఉండాలి.
* కేబుల్ లోపలికి వచ్చే రంధ్రానికి గ్లాండ్. లేకపోతే రేకు అంచు వైరును కోసేస్తుంది.
* బయట చేతికి అందేలా మెయిన్ స్విచ్.

వైరు సైజు లెక్క ఇదీ..

ఏసీ, గీజర్, మోటార్ కలిపి 4.5 కిలోవాట్లు అనుకుందాం. అంటే దాదాపు 20 ఆంపియర్లు. మీటర్ 100 మీటర్ల దూరంలో ఉండి 2.5 చదరపు మి.మీ. రాగి వైరు లాగితే దారిలోనే సుమారు 30 వోల్టులు పోతాయి. మోటార్ వేడెక్కుతుంది, వైరూ కాలుతుంది. అదే 10 చదరపు మి.మీ. కేబుల్‌తో 7 వోల్టులే తగ్గుతాయి. ఆర్మర్డ్ కేబుల్‌ను రెండున్నర అడుగుల లోతున పూడ్చాలి. చెట్లకు, ఫెన్సింగ్‌కు కట్టొద్దు.

కంటైనర్‌ను వేరే చోటికి మార్చితే పాత ఎర్తింగ్ అక్కడే ఉండిపోతుంది, కుదుపులకు వైర్లు వదులవుతాయి. కొత్త చోట లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్‌తో ఎర్త్, ఇన్సులేషన్ టెస్ట్ చేయించాకే స్విచ్ వేయాలి. లైన్ సమస్యలుంటే 1912కు కాల్ చేయండి.