చార్జింగ్ ఎక్కట్లేదా? ముందు గోడ వైపు చూడండి!

ఇంటి దగ్గర కారు చార్జింగ్ లోపాలు పట్టే నైపుణ్యం.. ఐటీఐ, డిప్లొమా, బీటెక్ విద్యార్థులకు పనికొచ్చే విద్య

ఇలా ఊహించుకోండి. మీది నెల్లిమర్ల. చేతిలో డిప్లొమా ఉంది, ఉద్యోగం ఇంకా రాలేదు. వీధి చివర ఇంటాయన కొత్తగా ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు కొన్నారు. ఓ పొద్దున్న మిమ్మల్ని పిలిచి, ‘‘ఏటి బాబూ, రాత్రి పదింటికి ప్లగ్గెట్టాను. తెల్లారి చూస్తే పెట్టినకాడే ఉంది. కరెంటు సదువు సదివావు కదా, ఓపాలి సూడు’’ అన్నారు. మీరేం చేస్తారు?

చాలామంది కారు బానెట్ ఎత్తుతారు. లేదంటే ‘సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చెయ్యండి మావయ్యా’ అని తప్పుకొంటారు. కానీ ఇంటి దగ్గర వచ్చే చార్జింగ్ ఇబ్బందుల్లో కారుతో సంబంధం లేనివే ఎక్కువగా కనిపిస్తాయి. సాకెట్, వైరు, ఎర్తింగ్, లో-వోల్టేజీ.. అన్నీ గోడలోనో, గోడ అవతలో ఉంటాయి. వాటిని ఒక వరసలో వెతకడం తెలిసినవాళ్లకి ఆ వీధిలోనూ పని ఉంటుంది, ఇంటర్వ్యూ గదిలోనూ విలువ ఉంటుంది.

హైబ్రిడ్ అంటే అన్నిటికీ ప్లగ్ ఉండదు

ముందు ఒక గందరగోళం తీర్చుకుందాం. మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా లాంటి హైబ్రిడ్లకు ప్లగ్ ఉండదు. నడుస్తున్నప్పుడు వాటి బ్యాటరీ అదే నిండుతుంది. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కి పెట్రోలు ఇంజిన్‌తో పాటు గోడకి తగిలించి చార్జ్ చేసే పెద్ద బ్యాటరీ ఉంటుంది. 2008లో చైనాలో బీవైడీ ‘ఎఫ్3డీఎం’తో ఈ తరహా కార్లు భారీ ఉత్పత్తిలోకి వచ్చాయి. మన దేశంలో ఇవి వోల్వో ఎక్స్‌సీ90 లాంటి ఖరీదైన మోడళ్లకే ఎక్కువగా పరిమితమయ్యాయి. పూర్తి ఎలక్ట్రిక్ కార్లు మాత్రం జిల్లాల్లోకీ వచ్చేశాయి. ఇంట్లో చార్జింగ్ విషయంలో రెండింటి సూత్రం ఒకటే. ఒకటి నేర్చుకుంటే రెండోదీ వచ్చినట్టే.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో ఒక చిక్కుంది. చార్జింగ్ ఎక్కకపోయినా బండి పెట్రోలు మీద నడిచిపోతుంది. యజమానికి వారాల తరబడి లోపం తెలియదు. పెట్రోలు ఖర్చు పెరిగాకే అనుమానం వస్తుంది. ఈలోగా వదులైన సాకెట్ రోజూ కొంచెం కొంచెం కాలుతూనే ఉంటుంది. అందుకే ఇది కేవలం చార్జింగ్ సమస్య కాదు, ఇంటి భద్రత సమస్య కూడా.

అసలు చార్జర్ ఎక్కడుంది?

కారుతో వచ్చే కేబుల్ మధ్యలో ఉండే డబ్బానే అందరూ చార్జర్ అంటారు. ఇంట్లో మామూలు ఏసీ కరెంటు మీద పెట్టినప్పుడు నిజమైన చార్జర్ కారు లోపల ఉంటుంది. ఏసీని డీసీగా మార్చి బ్యాటరీకి పంపేది అదే. బయటి డబ్బా కాపలాదారు. ఎర్త్ ఉందా, లీకేజీ ఉందా, గన్ సరిగా కూర్చుందా చూసి, అన్నీ బాగుంటేనే కరెంటు వదులుతుంది. అంటే డబ్బా మీద ఎర్ర లైటు వెలిగితే ప్రతిసారీ అది పాడైందని కాదు. తన పని తాను చేసిందని కూడా కావచ్చు.

డబ్బా, కారు మాట్లాడుకునే భాష పేరు కంట్రోల్ పైలట్ సిగ్నల్. గన్ తగిలించనప్పుడు 12 వోల్టులు, తగిలించాక 9, చార్జింగ్‌కి కారు సిద్ధమైతే 6 వోల్టులు. ఎంత కరెంటు తీసుకోవచ్చో 1 కిలోహెర్ట్జ్ పల్స్ వెడల్పుతో డబ్బా చెబుతుంది. పల్స్ 10 శాతం ఉంటే 6 ఆంపియర్లు, 25 శాతమైతే 15, 50 శాతమైతే 30. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు ఈ అంకెలు నోటికి వచ్చేలా చూసుకోండి.

వెతికే వరస ఇదీ

1. ముందు మీటర్ కాదు, కళ్లు: కారు స్క్రీన్‌లో గానీ, యాప్‌లో గానీ టైమర్ పెట్టి ఉందా? ‘రాత్రి 12 తర్వాతే’ అని ఉంటే పదింటికి ఎక్కదు. చార్జ్ పరిమితి 80 శాతానికి పెట్టారా? గన్ ‘టక్’మని లాక్ పడిందా? గన్ మూతిలో దుమ్ము, వాన నీరు ఉన్నాయా? డబ్బా మీద లైటు ఎన్నిసార్లు మెరుస్తోందో ఫోన్‌లో వీడియో తీసి, మాన్యువల్‌తో సరిచూడండి. రూపాయి ఖర్చు లేకుండా తీరే సమస్యలు ఇక్కడే తీరిపోతాయి.

2. సగానికి విడగొట్టండి: అదే కేబుల్‌తో కారు వేరే ఇంట్లో బాగా చార్జ్ అవుతోందా? అయితే కారుదీ కేబుల్‌దీ తప్పు కాదు, ఈ ఇంటిదే. అక్కడా ఎక్కకపోతే కేబుల్‌నో కారునో అనుమానించాలి. ఒక్క పరీక్షతో సగం దారి తేలిపోతుంది.

3. లోడు లేనప్పుడు ఒకసారి, ఉన్నప్పుడు ఒకసారి: కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. ఖాళీ సాకెట్‌లో 232 వోల్టులు కనిపించగానే ‘సప్లయ్ బాగుంది’ అనేస్తారు. చార్జింగ్ మొదలయ్యాక అదే 205కి పడిపోవచ్చు. మామూలు పోర్టబుల్ చార్జర్ దాదాపు 15 ఆంపియర్లు లాగుతుంది, అదీ గంటల తరబడి. మిక్సీ, ఇస్త్రీపెట్టె లాగా కాసేపు వాడి ఆపేసేది కాదు.

మన ఊళ్లలో మీటరు వీధి గోడకి, కారు షెడ్డు పెరట్లో ఉంటుంది. దూరం 30 మీటర్లనుకుందాం. పోను రాను 60 మీటర్ల రాగి తీగ. 15 ఆంపియర్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో సుమారు 11 వోల్టులు పోతాయి. 2.5 వైరులో దాదాపు 7, 4 వైరులో 4 వోల్టులు. ఫ్యాన్లు, లైట్ల కోసం లాగిన పాత వైరుకి కారు తగిలిస్తే ఏమవుతుందో ఈ లెక్కే చెబుతుంది.

4. తప్పు ఎవరిది? లోడు ఉండగానే మీటరు దగ్గర, సాకెట్ దగ్గర వోల్టేజీ పోల్చండి. మీటరు దగ్గర బాగుండి సాకెట్ దగ్గర పడిపోతే ఇంటి వైరింగ్‌దే లోపం. మీటరు దగ్గరే తక్కువైతే లైను, ట్రాన్స్‌ఫార్మర్ సంగతి. 230 వోల్టుల సరఫరాకి నిబంధనల ప్రకారం 6 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే సుమారు 216 నుంచి 244. ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా ఉన్న చివరి ఇళ్లలో, సాయంత్రం అందరూ మోటార్లు, ఏసీలు వేసే వేళ ఇంకా తగ్గొచ్చు. ఏ రోజు, ఏ గంటకి ఎన్ని వోల్టులు అని రాసి 1912కి ఫిర్యాదు చేస్తే ఈపీడీసీఎల్ సిబ్బందికీ పని సులువవుతుంది. ఇంటికి మంజూరైన లోడు సరిపోకపోతే అదనపు లోడుకి దరఖాస్తు చేయించాలి.

అప్పటిదాకా ఉపాయం? చార్జింగ్ కరెంటును 10 ఆంపియర్లకి తగ్గించి, అర్ధరాత్రికి టైమర్ పెట్టండి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ బ్యాటరీ చిన్నది. 12 యూనిట్ల బ్యాటరీ 15 ఆంపియర్ల మీద నాలుగు గంటల్లో నిండితే, 10 మీద ఐదారు గంటలు పడుతుంది. ఎలాగూ తెల్లారేదాకా బండి కదలదు కదా!

5. వేడి: అరగంట చార్జ్ చేశాక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ప్లగ్, సాకెట్, ఎంసీబీ చూడండి. సాకెట్ గోధుమరంగుకి తిరిగినా, కాలిన వాసన వచ్చినా వెంటనే ఆపేయాలి. వదులైన జాయింటులో 0.2 ఓమ్‌ల నిరోధం ఉన్నా, 15 ఆంపియర్ల దగ్గర 45 వాట్ల వేడి పుడుతుంది. సోల్డరింగ్ ఐరన్‌ను ప్లాస్టిక్ సాకెట్‌లో పెట్టి రాత్రంతా వదిలేసినట్టే. ఎక్స్‌టెన్షన్ బాక్సులు, మల్టీప్లగ్‌లు అస్సలు వద్దు. కారుకి విడిగా ఒక సర్క్యూట్, మంచి 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి.

6. ఎర్తింగ్: ‘ఎర్త్ ఫాల్ట్’ అని డబ్బా మొరాయిస్తే న్యూట్రల్‌కి, ఎర్త్‌కి మధ్య వోల్టేజీ చూడండి. ఒకటి రెండు వోల్టులుంటే సరే. పదుల్లో ఉంటే ఏదో తేడా ఉన్నట్టే. ఇంకో మాట. ఫేజ్‌కి, ఎర్త్‌కి మధ్య మల్టీమీటర్ 230 చూపించిందని ఎర్త్ బాగున్నట్టు కాదు. మల్టీమీటర్ లాగే కరెంటు చాలా తక్కువ కాబట్టి, తుప్పుపట్టిన తీగ కూడా ఆ రీడింగ్ ఇచ్చేస్తుంది. ఎర్త్ లూప్ టెస్టర్‌తోనే నిజం తేలుతుంది. వేసవిలో ఎర్త్ పిట్ ఎండిపోతుంది, వానల్లో తేమకి బిగింపులు తుప్పు పడతాయి. రెండూ చూడాలి.

ఇక్కడ కొందరు ఒక దగ్గరిదారి తొక్కుతారు. సాకెట్ లోపల న్యూట్రల్‌ని, ఎర్త్‌ని చిన్న తీగతో కలిపేస్తారు. ఎర్ర లైటు పోతుంది, కారు ఎక్కుతుంది, యజమాని సంతోషిస్తాడు. కానీ ఎప్పుడో గాలివానకి న్యూట్రల్ తెగిందంటే కారు బాడీకే కరెంటు వస్తుంది. తలుపు మీద చెయ్యేసిన పిల్లాడి ప్రాణం పోతుంది. 2014లో హుద్‌హుద్ తుపాను మన కరెంటు లైన్లను ఎలా నేలకూల్చిందో చూసినవాళ్లకి తీగలు తెగడం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఎవరు ఎంత బతిమాలినా ఈ పని చేయకండి.

7. ట్రిప్ ఎప్పుడవుతోంది? సమయమే సాక్ష్యం. ప్లగ్ పెట్టగానే ఆర్‌సీసీబీ పడితే లీకేజీ ఉందని అర్థం. వాన తర్వాతే పడితే గన్‌లోనో, సాకెట్‌లోనో తేమ ఉన్నట్టు అనుమానించాలి. ముప్పావు గంటకి ఎంసీబీ పడితే ఓవర్‌లోడ్, లేదా ఎంసీబీ స్క్రూ వదులై వేడెక్కడం. ‘16 తీసి 32 వేసెయ్’ అనేది వైద్యం కాదు. ఎంసీబీ ఉన్నది గోడలోని వైరును కాపాడటానికి. వైరు మార్చకుండా ఎంసీబీ పెంచితే ఈసారి పడేది ఎంసీబీ కాదు, కాలేది వైరు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీని తీసేయడమంటే ప్రాణానికి ఉన్న కాపలా తీసేయడమే.

8. ఇవన్నీ బాగుంటేనే కారు: అప్పుడు రాసుకున్న రీడింగులతో సర్వీస్ సెంటర్‌కి పంపండి. కారులో నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే అవి హై-వోల్టేజీవి. శిక్షణ లేకుండా ముట్టుకోకూడదు. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ఈ పనిలో నైపుణ్యమే.

కారు లేకపోయినా సాధన చేయొచ్చు

వోల్టేజీ చూపించే ప్లగ్-ఇన్ మీటర్ ఒకటి, ఇంట్లో గీజర్ ఉంటే చాలు. అదే సర్క్యూట్‌లోని పక్క సాకెట్‌లో మీటర్ పెట్టి, గీజర్ వేయకముందు, వేశాక అంకెలు రాసుకోండి. ఉదాహరణకి 2 కిలోవాట్ల గీజర్ దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. వోల్టేజీ 232 నుంచి 224కి పడితే, 8ని 8.7తో భాగిస్తే నిరోధం సుమారు 0.92 ఓమ్. ఇదే సర్క్యూట్‌లో 15 ఆంపియర్ల కారు పెడితే దాదాపు 14 వోల్టులు పడి 218కి వస్తుందని ముందే చెప్పొచ్చు. నాలుగైదు ఇళ్లలో ఇలా రాసి ఒక నోట్‌బుక్ చేయండి. రెజ్యూమెలో ‘ఈవీలంటే ఆసక్తి’ అని రాసేకన్నా ఆ నోట్‌బుక్ ఎక్కువ మాట్లాడుతుంది. తెరిచిన బోర్డుల్లో కొలతలు మాత్రం లెక్చరర్ దగ్గరో, అనుభవమున్న ఎలక్ట్రీషియన్ పక్కనో ఉండే చేయాలి.

ఏ దారిలో వెళ్లాలి?

పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ట్రేడ్ ఉంది. ‘మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్’ అనే రెండేళ్ల ట్రేడ్ కూడా ఉంది. ఏ ఐటీఐలో సీట్లున్నాయో ప్రవేశాల సమయంలో చూసుకోండి. డిప్లొమా, బీటెక్ ఈఈఈ వాళ్లకి వైరింగ్, రక్షణ పరికరాల పాఠాలు సిలబస్‌లో ఎలాగూ ఉంటాయి. వాటికి ఎన్‌పీటీఈఎల్‌లోని ఎలక్ట్రిక్ వాహనాల కోర్సు ఒకటి కలపండి. కేంద్ర అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే డీలర్ సర్వీస్ సెంటర్లు, చార్జర్లు బిగించే సంస్థల ఖాళీలు తెలుస్తాయి. సొంతంగా ఇళ్లలో వైరింగ్ పని చేయాలంటే వైర్‌మన్ పర్మిట్, లైసెన్సున్న కాంట్రాక్టర్ పర్యవేక్షణ అవసరమని మర్చిపోవద్దు. ఎర్తింగ్‌కి ఐఎస్ 3043, వైరింగ్‌కి ఐఎస్ 732, ఈవీ చార్జింగ్‌కి ఐఎస్ 17017 ప్రమాణాలు. వీటి పేర్లే కాదు, అవి ఏం చెబుతున్నాయో కూడా చదవండి.

ఇంటర్వ్యూలో ఇలా అడగొచ్చు

• చార్జింగ్ మొదలై 40 నిమిషాలకి ఆగిపోతోంది. ముందు ఏం కొలుస్తారు?
• ఖాళీ సాకెట్‌లో వోల్టేజీ బాగుంది, చార్జింగ్ మాత్రం ఎక్కట్లేదు. కారణాలేంటి?
• యజమాని న్యూట్రల్, ఎర్త్ కలిపెయ్యమంటే ఏం చెబుతారు?

మూడోది సాంకేతిక ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, అడిగేవాళ్లు చూసేది మీ నిజాయతీని.

నెల్లిమర్ల అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది జూట్ మిల్లు. మిల్లు మూతపడ్డ రోజుల్లో పని కోసం ఎటు వెళ్లాలో తెలియక ఇబ్బంది పడ్డ కుటుంబాలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. చార్జింగ్ పనులతో అంతమందికి ఉపాధి దొరుకుతుందని ఎవరూ అనరు. కానీ మీటర్ పట్టుకుని, వరసగా వెతికి, ‘లోపం ఇక్కడుంది, సరిచేయాల్సింది ఇలా’ అని కాగితం మీద రాసివ్వగలిగే కుర్రాడికి, అమ్మాయికి సొంతూళ్లోనూ పని దొరుకుతుంది, విశాఖలోనూ దొరుకుతుంది. వీధి చివర ఇంటాయన మళ్లీ పిలిస్తే బానెట్ ఎత్తకండి. ‘ముందు సాకెట్ చూపించండి మావయ్యా’ అనండి.