నేర్చుకుంటే పని.. నేర్పితే సాయం

శిక్షణ భారం పంచుకునేందుకు చట్టాలు చూపుతున్న మూడు దారులు
అవగాహన ఉంటేనే స్థానిక యువతకు, అంకుర సంస్థలకు మేలు

శంషాబాద్‌: తలెత్తి చూస్తే విమానం కనిపించే ఊళ్లివి. ఆ విమానం ఇంజిన్‌ను విప్పి బిగించే విద్య ఈ ఊళ్ల పిల్లలకు అందుతుందా అన్నదే ఇప్పుడు ప్రశ్న. సుమారు 5,500 ఎకరాల్లో నిర్మించిన రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం 2008 మార్చిలో కార్యకలాపాలు ప్రారంభించింది. దానిని ఆనుకొని ఉన్న ప్రత్యేక ఆర్థిక మండలిలో 2025 నవంబరు 26న ఫ్రాన్స్‌కు చెందిన సఫ్రాన్‌ సంస్థ లీప్‌ ఇంజిన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది. ఏటా 300 ఇంజిన్లకు సేవలందించే సామర్థ్యంతో దీనిని నిర్మించారు. 2035 నాటికి వెయ్యి మందికి పైగా సాంకేతిక నిపుణులు, ఇంజినీర్లు ఇక్కడ పనిచేస్తారని సంస్థ అంచనా.

ఇంతటి సంస్థలు తమ సిబ్బందికి తామే శిక్షణ ఇచ్చుకోగలవు. పది, ఇరవై మందితో నడిచే అంకుర సంస్థల పరిస్థితి వేరు. ఆరు నెలలు నేర్పించాక యువకుడు ఎక్కువ జీతమిచ్చే చోటికి వెళ్లిపోతాడన్న భయం వాటిని వెన్నాడుతుంది. అందుకే పని తెలిసినవారే కావాలని యాజమాన్యాలు అంటాయి. పనిలోకి తీసుకుంటేనే కదా తెలిసేదని యువత వాపోతారు. ఈ చిక్కుముడిని విప్పేందుకు చట్టాలు మూడు దారులు చూపుతున్నాయి.

అప్రెంటిస్‌ చట్టం

మొదటిది 1961 నాటి అప్రెంటిస్‌ చట్టం. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు వారి సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. ఒప్పంద సిబ్బంది కూడా ఈ లెక్కలోకి వస్తారు. అంటే 200 మంది ఉన్నచోట కనీసం అయిదుగురికి, గరిష్ఠంగా 30 మందికి అవకాశం లభిస్తుంది. నలుగురి నుంచి 29 మంది వరకు ఉన్న సంస్థలకు నిర్బంధం లేదు. ఇష్టమైతే తీసుకోవచ్చు. అంకుర సంస్థలు ఎక్కువగా ఈ కోవలోకే వస్తాయి.

అటువంటి సంస్థలకు ఊతమిచ్చేది 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్‌ ప్రోత్సాహక పథకం. దీని కింద ఉపకార వేతనంలో 25 శాతాన్ని, నెలకు రూ.1,500కు మించకుండా, కేంద్రం భరిస్తుంది. 2023 నుంచి ఈ వాటాను నేరుగా అభ్యర్థి బ్యాంకు ఖాతాలోనే జమచేస్తున్నారు. ఇందుకు సంస్థ, అభ్యర్థి ఇరువురూ అప్రెంటిస్‌షిప్‌ ఇండియా పోర్టల్‌లో నమోదై ఒప్పందం కుదుర్చుకోవాలి. నోటి మాటపై పనిలో చేరినవారికి ఈ సాయం అందదు.

స్థానికులకు ప్రాధాన్యం

రెండోది 2013 నాటి కంపెనీల చట్టం. నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవరు రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు.. వీటిలో ఏ ఒక్క పరిమితిని చేరినా, ఆ కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద వెచ్చించాలని 135వ సెక్షన్‌ చెబుతోంది. వృత్తి నైపుణ్య శిక్షణకు, ప్రభుత్వ నిధులతో నడిచే ఇంక్యుబేటర్లకు ఈ సొమ్మును వినియోగించవచ్చు. తాము పనిచేసే ప్రాంతానికి, దాని పరిసరాలకు ప్రాధాన్యమివ్వాలని కూడా అదే సెక్షన్‌ పేర్కొనడం గమనార్హం. విమానాశ్రయ పరిసరాల్లో జీఎంఆర్‌ వరలక్ష్మి ఫౌండేషన్‌ ఇప్పటికే వృత్తి శిక్షణ కేంద్రాన్ని నిర్వహిస్తోంది.

మూడోది రాష్ట్ర శాసనసభ 2024లో ఆమోదించిన యంగ్‌ ఇండియా స్కిల్స్‌ యూనివర్సిటీ చట్టం. ఇదే రంగారెడ్డి జిల్లా కందుకూరు మండలం మీర్‌ఖాన్‌పేటలో ఆ ఏడాది ఆగస్టు 1న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి దీనికి శంకుస్థాపన చేశారు. పారిశ్రామికవేత్త ఆనంద్‌ మహీంద్రాను ఛైర్మన్‌గా నియమించారు. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో, పరిశ్రమలకు ఏ నైపుణ్యం కావాలో ఆ కోర్సులనే నేర్పడం దీని ఉద్దేశం.

ఇవీ పరిమితులు

చట్టం అన్నింటికీ హామీ ఇవ్వదు. అప్రెంటిస్‌ను చట్టం కార్మికుడిగా కాక శిక్షణార్థిగానే పరిగణిస్తుంది. శిక్షణ పూర్తయ్యాక ఉద్యోగం ఇచ్చే విషయంలో ప్రతి సంస్థా సొంత విధానాన్ని రూపొందించుకోవాలని మాత్రమే నిర్దేశించింది. కాబట్టి చేరే ముందే ఆ విధానం ఏమిటో అడిగి తెలుసుకోవడం అవసరం.

విమాన మరమ్మతు రంగంలో మరో మెలిక ఉంది. విమానం ఎగరడానికి సిద్ధంగా ఉందని సంతకం చేయాలంటే పౌర విమానయాన డైరెక్టరేట్‌ జనరల్‌ లైసెన్సు ఉండాలి. ఆ కోర్సుల్లో చేరేందుకు ఇంటర్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రాలు లేదా తత్సమాన అర్హత కావాలి. పదో తరగతి పూర్తికాగానే ఏ గ్రూపు తీసుకోవాలన్న నిర్ణయంతోనే ఈ దారి తెరుచుకోవడమో, మూసుకుపోవడమో జరుగుతుంది. ఈ సంగతి తెలియక గ్రామీణ విద్యార్థి అవకాశం కోల్పోతే, ఎన్ని చట్టాలున్నా అతడికి ఒరిగేది శూన్యం. పాఠశాలల్లోనే ఈ వివరాలు చెప్పగలిగితే ఊరి పక్కన వెలసిన పరిశ్రమ ఊరి పిల్లలకూ అక్కరకొస్తుంది.