స్పానిష్‌కి ఇంగ్లీష్ మీదుగా వెళ్లొద్దు, తెలుగులోంచే వెళ్దాం

స్పానిష్ యాప్ డౌన్‌లోడ్ చేసి, రెండు వారాలకే ఆపేశారా? అయితే ఈ ఎపిసోడ్ మీకోసమే. చాలాసార్లు మనం ఆగిపోయేది ఎక్కడంటే, స్పానిష్ వాక్యాన్ని ముందు ఇంగ్లీష్‌లోకి, అక్కణ్ణుంచి తెలుగులోకి మార్చుకునే దగ్గర. ఆ మధ్య స్టాప్ అవసరం లేదు.

ఎందుకో చూడండి. "మె గుస్తా ఎల్ తే". అంటే "నాకు టీ ఇష్టం". ఇంగ్లీష్‌లో "ఐ" అని మొదలవుతుంది, స్పానిష్‌లో మాత్రం మనలాగే "నాకు". "మె దుయేలె లా కబేసా" అంటే "నాకు తల నొప్పెడుతోంది". ఇదీ "నాకు"తోనే. క్రియ కూడా అంతే. "ఆబ్లో" అంటే మాట్లాడతాను, "ఆబ్లాస్" అంటే మాట్లాడతావు. "నేను", "నువ్వు" అని విడిగా చెప్పకపోయినా క్రియ చివర్లోనే తెలిసిపోతుంది.

ఉచ్చారణలోనూ మనకి లాభమే. స్పానిష్ "తే"లో ఉన్నది మన "త", "ట" కాదు. ఒత్తులు లేని క, ప కూడా మనకి అలవాటే. ఒక్క "ర" దగ్గర జాగ్రత్త: "పెరో" అంటే కానీ, "పెర్రో" అంటే కుక్క!

అన్నీ కలుస్తాయని మాత్రం అనుకోకండి. "నాకు ఆకలి" అనడానికి వాళ్లు "తెంగో ఆంబ్రె" అంటారు, అంటే "నా దగ్గర ఆకలి ఉంది" అన్నట్టు. ఇలాంటివి వాక్యంగానే గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు చాయ్ దుకాణం దగ్గర మాట్లాడదాం.

"బ్వేనాస్. ఉన్ తే, పోర్ ఫవోర్." (నమస్తే. ఒక టీ ఇవ్వండి.)
"కోన్ అసూకార్?" (చక్కెరతోనా?)
"సిన్ అసూకార్. క్వాంతో ఎస్?" (చక్కెర లేకుండా. ఎంత?)

"కోన్" అంటే తోటి, "సిన్" అంటే లేకుండా. "లేచే" అంటే పాలు. ఇక "కోన్ లేచే", "సిన్ లేచే" మీరే అనేయగలరు. ఒక్క సంభాషణలోంచి ఎన్ని వాక్యాలు వచ్చాయో చూశారా!

ఇక అసలు తిరకాసు. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష. ఊరు మారితే మాట మారుతుంది. మనకిది కొత్తేం కాదు. కోస్తాలో మొక్కజొన్న పొత్తు, తెలంగాణలో మక్కకంకి. అదే కంకి మెక్సికోలో "ఎలోతె", పెరూలో "చోక్లో". ఆలుగడ్డ స్పెయిన్‌లో "పతాత", లాటిన్ అమెరికాలో "పాపా". క్యూబాలో "గ్వాగ్వా" అంటే బస్సు, చిలీలో అదే మాటకి అర్థం చంటిపాప!

నవ్వుతో పోయేవి కొన్ని, పరువు తీసేవి కొన్ని. స్పెయిన్‌లో బస్సు ఎక్కడానికి "కొహేర్" అంటారు. మెక్సికో, అర్జెంటీనాల్లో అది బూతు. అక్కడ "తోమార్" అనాలి. ఇంటర్వ్యూలోనో, కస్టమర్ కాల్‌లోనో ఈ తేడా తెలియకపోతే కష్టం.

మర్యాద కూడా అంతే. "తూ" అంటే నువ్వు, "ఉస్తెద్" అంటే మీరు. అర్జెంటీనాలో "తూ" బదులు "వోస్" అంటారు. కొలంబియాలో కొన్నిచోట్ల ఇంట్లోవాళ్లనే "ఉస్తెద్" అని పిలుస్తారు. మన పల్లెల్లో పెద్దవాళ్లని ప్రేమగా "ఎట్లున్నవ్ మామా" అనడం లేదూ? నువ్వు, మీరులని డిక్షనరీ కాదు, ఊరు నిర్ణయిస్తుంది.

అందుకే ముందు ఒక దేశం ఎంచుకోండి. మీ పని ఎవరితోనో, ఆ దేశం వీడియోలే వినండి. రోజుకో చిన్న సంభాషణ ఫోన్‌లో రికార్డ్ చేసి, మళ్లీ విని సరిచూసుకోండి. వేరే ఊరి మాట ఎదురైతే తప్పనుకోకుండా పక్కన రాసి పెట్టుకోండి.

క్లాస్‌రూమ్ కావాలంటే దూరం పోనక్కర్లేదు. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే మెట్టుగూడ తర్వాత తార్నాక. ఉస్మానియా క్యాంపస్‌ని ఆనుకునే ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లీష్ కోసం మొదలైన ఈ సంస్థ 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది, స్పానిష్ కూడా నేర్పుతుంది. సర్టిఫికెట్ కావాలంటే డెలె పరీక్ష ఉంది, ఏ1 నుంచి సీ2 దాకా ఆరు స్థాయిలు.

ఈ రోజు చాయ్ తాగేటప్పుడు "కోన్ అసూకార్" అని ఒక్కసారి బయటికే అనండి. మళ్లీ కలుద్దాం. ఆస్తా లువేగో!