చెదరిన టపాపెట్టెకు చికిత్స

సూరత్ నగరపు ఆగ్నేయ దిశన వున్న గోడాదరా వీధులలో గుజరాతీ, మరాఠీ, హిందీలతో పాటు తెలుగు మాట కూడా చెవిన పడుతుంది. నేతపనిని వెతుక్కొంటూ తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన కుటుంబాలు ఎన్నో ఇక్కడా, పొరుగున వున్న లింబాయత్‌లోనూ స్థిరపడినవి. నగరపాలక సంస్థ తన ప్రాథమిక పాఠశాలలలో కొన్నింటిని తెలుగు మాధ్యమంలోనే నడుపుతున్నది. ఒకనాడు ఈ వాడలకు ఊరి కబురు తెచ్చేవాడు పోస్టుమాన్. మనియార్డరు అందినదన్న వార్త, పెద్దల క్షేమసమాచారం అతని సంచిలోనే వచ్చేవి. ఇప్పుడు ముచ్చట్లకు ఫోను వున్నది. కాని ఆర్డరు, చలాను, బాకీ లెక్క వంటి కాగితాల వ్యవహారం ఈ-మెయిలు పెట్టెలోకి చేరింది.

కొన్ని మరమగ్గాలు నడుపుకొనే ఒక యజమాని ఒకనాటి ఉదయం ఆ పెట్టె తెరవబోగా అది తెరుచుకోలేదనుకోండి. లేక తెరుచుకొన్నా, నిన్నటి ఉత్తరాలు మాయమై, మూడేళ్ళనాటివి రెండేసి సార్లు కనిపించినవనుకోండి. నష్టం ఉత్తరాలతో పోదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం, చిన్న ఉత్పత్తిదారుకు చెల్లించవలసిన సొమ్మును కొనుగోలుదారు 45 రోజులకు మించి ఆపడానికి వీలులేదు. సరుకు బాగులేదన్న అభ్యంతరమేదైనా వుంటే, అది అందిన 15 రోజులలోగా వ్రాతమూలకంగా తెలిపినప్పుడే ఆ గడువు లెక్క మారుతుంది. సరుకు ఎన్నడు చేరినది, అభ్యంతరం ఎన్నడు వచ్చినది అన్న ప్రశ్నలకు సమాధానం ఆ తెరుచుకోని పెట్టెలోనే వున్నది.

ఇటువంటి వేళ మొదట తెలుసుకోవలసిన సంగతి ధైర్యం చెప్పేదే. టపాపెట్టె చెడినదన్నంత మాత్రాన ఉత్తరాలు నశించినవని అర్థం కాదు. సర్వరు అనబడే కంప్యూటరు ఉత్తరాలను ఒకచోట దాచి, వాటి జాబితాను వేరొక చోట వ్రాసుకొంటుంది. ఏ ఉత్తరం ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడుగు, చదివినదా కానిదా అన్న వివరాలన్నీ ఆ సూచికలో వుంటాయి. తరచుగా చెడేది ఈ సూచికే. గ్రంథాలయంలో కార్డుల సొరుగు తలక్రిందులైతే బీరువాలలోని పుస్తకాలకు వచ్చిన లోటేమీ లేదు. ఓపికగా పుస్తకాలు చూస్తూ కార్డులు మళ్ళీ వ్రాసుకోవచ్చు. ప్రపంచమంతటా విరివిగా వాడుకలో వున్న డవ్‌కాట్ వంటి సర్వరు ప్రోగ్రాములు అనేక సందర్భాలలో ఈ పనిని తమంత తామే చేసుకొంటాయి.

ఉత్తరాలే గాయపడితే చికిత్స కఠినమవుతుంది. అప్పుడు వాటిని దాచిన తీరు ఎట్టిదో చూడవలె. రే టామ్లిన్‌సన్ 1971లో ఒక కంప్యూటరు నుండి మరొక దానికి తొలి ఉత్తరం పంపిన తరువాత, యూనిక్స్ యంత్రాలలో స్థిరపడిన పద్ధతి చాలా సరళమైనది. ఒకరి ఉత్తరాలన్నీ ఒకే పొడవాటి ఫైలులో ఒకదాని వెనుక ఒకటిగా చేరుతాయి. 'ఫ్రమ్' అన్న ఇంగ్లీషు మాటతో మొదలయ్యే పంక్తి వచ్చినదంటే అక్కడ కొత్త ఉత్తరం ఆరంభమైనట్లు. మరి ఉత్తరం వ్రాసినవారే ఒక వాక్యాన్ని ఆ మాటతో మొదలుపెడితే? యంత్రం పొరపడకుండా దాని ముందు ఒక బాణపు మొన వంటి గుర్తు తగిలిస్తారు. పాత ఉత్తరాలలో నేటికీ అక్కడక్కడ కనిపించే ఆ వింత గుర్తుకు కారణమిదే.

ఈ పద్ధతిలోని చిక్కు తుడిచివేతలో వున్నది. నడుమనున్న ఒక ఉత్తరాన్ని తీసివేయాలంటే దాని తరువాతి భాగాన్నంతా తిరిగి వ్రాయవలసి వస్తుంది. ఆ వ్రాత సగంలో వుండగా కరెంటు పోతే మిగిలినది అరకొర ఫైలు. రెండు ప్రోగ్రాములు ఒకేసారి వ్రాయబూనితే ఒక ఉత్తరపు వాక్యాలు మరొకదానిలో చిక్కుపడతాయి. డేనియల్ బెర్న్‌స్టీన్ 1990లలో దీనికొక విరుగుడు కనిపెట్టాడు. ఒక్కొక్క ఉత్తరానికి ఒక్కొక్క ఫైలు. అదీ ముందు ఒక తాత్కాలిక అరలో పూర్తిగా వ్రాసి, ఆ తరువాతనే కొత్త ఉత్తరాల అరలోకి జరపడం. ఇక చెడినా ఒకటే చెడుతుంది, పక్కది క్షేమంగా వుంటుంది. 

గోడాదరా నేతగానికి మరమ్మతులోని తొలి సూత్రాన్ని వేరే నేర్పనక్కరలేదు. పేక పోగు తెగిన క్షణాన మరమగ్గం తనంత తానే ఆగిపోయే ఏర్పాటు ఒకటి వున్నది. ఆగకపోతే గజాల కొద్దీ గుడ్డ పాడవుతుంది. టపా సర్వరుకు చాలాచోట్ల అటువంటి ఏర్పాటు లేదు. చెడిన ఫైలు మీదనే అది కొత్త ఉత్తరాలను వ్రాసుకొంటూ పోతుంది. కనుక ముందు దానిని ఆపవలె. బయటి నుండి వచ్చే ఉత్తరాలు పోతాయన్న భయం అక్కరలేదు. పంపే సర్వరులు సాధారణంగా కొన్ని రోజులపాటు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూనే వుంటాయి. తరువాత చెడినదానిని చెడినట్లే నకలు తీయవలె. మరమ్మతు జరగవలసినది ఆ నకలు మీద; అసలును తాకరాదు. డిస్కు నిండిపోయినందువల్లనో, డిస్కే జబ్బుపడినందువల్లనో పెట్టె చెడివుంటే, ఆ కారణాన్ని తొలగించకుండా చేసిన మరమ్మతు సాయంత్రం దాకా కూడా నిలవదు.

పెద్ద సంస్థలు వాడే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌చేంజ్ వంటి వాటిలో ఉత్తరాలు ఒక పెద్ద డేటాబేసులో వుంటాయి. ప్రతి మార్పునూ ముందు ఒక దినచర్య ఫైలులో వ్రాసి, పిదప డేటాబేసులోకి ఎక్కిస్తారు. యంత్రం హఠాత్తుగా ఆగిపోతే ఆ దినచర్యను మళ్ళీ చదివించి, ఎక్కించని మార్పులను ఎక్కించవచ్చు. ఇది మృదుచికిత్స. రెండవది శస్త్రచికిత్స. అందులో చెడిన పుటలను ప్రోగ్రాము కోసి పారవేసి, మిగిలిన వాటిని కుట్టివేస్తుంది. పెట్టె తెరుచుకొంటుంది, పోయిన పుటలలో ఏ ఉత్తరాలు వుండేవో మాత్రం తెలియదు. చివరి మార్గంగా మాత్రమే ఉపయోగించవలసిన ఈ ఆజ్ఞను తొందరపాటుతో మొట్టమొదటే ఇచ్చేవారికి కొదువ లేదు.

తెలుగు ఉత్తరాలకు మరొక విశేషం వున్నది. యూనికోడ్ వాడుక రూపంలో మన అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ తలా మూడు బైట్లు పడతాయి. వాటిలో ఒకటి చెడితే ఆ ఒక్క గుర్తే పోతుంది. తరువాతి అక్షరం ఎక్కడ మొదలవుతుందో యంత్రం పోల్చుకోగలదు. కాని ప్రయాణానికై ఈ బైట్లను తరచుగా 64 గుర్తుల లిపిలోకి మారుస్తారు. అక్కడ ఒక్క గుర్తు జారిపోతే దాని వెనుకనున్నదంతా కలగాపులగమవుతుంది. చదవరాని ఉత్తరమని దానిని వదలివేయరాదు. తరువాతి పంక్తి మొదలు నుండి విప్పడం తిరిగి ఆరంభిస్తే, చెడిన ఒక్క పంక్తి తప్ప ఉత్తరమంతా సాధారణంగా తెలుగులోకి వచ్చేస్తుంది.

నకళ్ళున్నవి కదా అన్న ధీమా ఎంతవరకు చెల్లుతుందో 2011 ఫిబ్రవరి చివర గూగుల్ సంస్థకు తెలిసివచ్చింది. ఒక ప్రోగ్రాము మార్పులోని దోషం వల్ల జీమెయిల్ వాడుకదారులలో 0.02 శాతం మంది పెట్టెలు ఖాళీగా కనిపించినవి. ఒక్కొక్క ఉత్తరానికి వేర్వేరు కేంద్రాలలో నకళ్ళు వున్నా, దోషం వాటన్నింటికీ సోకింది. రక్షించినవి యంత్రాలకు తగిలించకుండా విడిగా వుంచిన అయస్కాంతపు టేపులు. ఇక సూరత్ విషయానికి వస్తే, 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి వదలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో అధికభాగం మునిగిపోయినది. సర్వరు పక్కన బల్లమీద పెట్టిన నకలు అటువంటి రోజున సర్వరుతో పాటే మునుగుతుంది.

అసలును తాకరాదనడానికి చట్టపరమైన కారణం కూడా వున్నది. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం, ఎలక్ట్రానిక్ దస్తావేజుతో దాఖలు చేసే ధ్రువపత్రంలో దాని 'హాష్' విలువను చూపవలె. ఫైలులోని మొత్తం సమాచారం నుండి గణించిన ముద్ర వంటిదది. ఒక్క గుర్తు మారినా ముద్ర మారిపోతుంది. బాకీ తగాదా న్యాయస్థానానికి వెళ్ళినప్పుడు, మరమ్మతుకు ముందు తీసిన ముద్ర, తాకని అసలు చేతిలో వున్నవారికి ప్రతిపక్షపు ప్రశ్నలు సులువవుతాయి.

సూచికను కొత్తగా వ్రాసిన తరువాత ఉత్తరాల వరుస సంఖ్యలు మారవచ్చు. అప్పుడు కార్యాలయంలోని ఫోనులన్నీ తమ వద్దనున్న జాబితాను పారవేసి, ఉత్తరాలను తిరిగి దించుకొంటాయి. కొన్ని పద్ధతులలో 'చదివినది' అన్న గుర్తు సూచికతోనే పోతుంది గనుక, ఏనాటివో ఉత్తరాలు చదవనివిగా తలెత్తుతాయి. మొన్నటి సంవత్సరపు ఆర్డరును నేటిదనుకొని గుమాస్తా నూలుకు పురమాయించక ముందే, తేదీ చూడవలసినదిగా అతనికి చెప్పివుంచడం మంచిది.