విద్యుత్తు ఒడంబడిక - గృహస్థుని హక్కులు

బియ్యము కొనువాడు ఒక అంగడి నచ్చకున్న మరియొక అంగడికి పోగలడు. ఇంటికి విద్యుత్తు కోరు గృహస్థునకు అట్టి స్వేచ్ఛ లేదు. మన తెలుగు రాష్ట్రములలో ఏ ప్రాంతమునకైనను గృహములకు విద్యుత్తు పంచు సంస్థ ఒక్కటియే. అది ముందుగనే అచ్చొత్తించిన పత్రముపై వ్రాలు చేయుట తప్ప బేరమాడుటకు అతనికి తావు లేదు. ఇట్టి వ్రాలును సమానుల నడుమ కుదిరిన ఒప్పందమని యెట్లనగలము?

ఈ అసమానతను గుర్తించియే శాసనము గృహస్థుని పక్షమున కొంత నిలిచినది. 2003వ సంవత్సరపు విద్యుత్ చట్టము 43వ సెక్షను ప్రకారము ఇంటి యజమానియే కాదు, ఇంట కాపురమున్నవాడును విద్యుత్తు కోరవచ్చును. ఇచ్చుట సంస్థకు విధి, అనుగ్రహము కాదు. యజమాని సమ్మతి పత్రము లేదను కారణమున అద్దెకున్నవానికి విద్యుత్తు నిరాకరింపరాదని సుప్రీంకోర్టు 2022లో విస్పష్టముగ చెప్పినది. 2020లో వెలువడి 2024లో సవరింపబడిన వినియోగదారుల హక్కుల నిబంధనలు గడువులను గూడ నిర్ణయించినవి. క్రొత్త తీగలు లాగవలసిన పని లేనిచో, దరఖాస్తు సమగ్రముగ అందిన పిదప మహానగరములలో 3 దినములు, ఇతర పట్టణములలో 7 దినములు, గ్రామములలో 15 దినములు మించరాదు.

అయినను, చట్టము చదువనివానికి చట్టము తోడు రాదు. వ్రాలు చేయుటకు ముందు మూడు విషయములు చూచుకొనవలెను. మొదటిది, పత్రములో వ్రాసిన కిలోవాట్ల లోడు. డిపాజిట్టును, నెలనెలా పడు స్థిర రుసుమును చాలవరకు దానినిబట్టియే యుండును. అవసరమునకు మించి వ్రాయించినచో ఆ భారము ఏండ్ల తరబడి మోయవలసివచ్చును. రెండవది, డిపాజిట్టు. అది బాకీకి హామీయే కాని సంస్థకు కానుక కాదు. దానిపై వడ్డీ ఈయవలెనని 47వ సెక్షను శాసించుచున్నది. కావున రసీదు భద్రపరచుకొనవలెను. మూడవది, పాత యిల్లు కొనువారికి సంబంధించినది. రాష్ట్ర నిబంధనలలో అట్టి షరతు ఉన్నచో పూర్వపు యజమాని బకాయిని క్రొత్తవానినుండి కోరవచ్చునని సుప్రీంకోర్టు 2023లో తీర్పు చెప్పినది. రిజిస్ట్రేషనుకు ముందే బకాయి లేదను పత్రము అడిగి తీసికొనుట క్షేమము.

పిదప బిల్లుపై వివాదము వచ్చినను భయపడ పనిలేదు. 56వ సెక్షను ప్రకారము 15 పూర్తి దినముల వ్రాతపూర్వకమైన నోటీసు లేక బాకీకై తీగ తెంచరాదు. కోరిన మొత్తము, గడచిన ఆరు నెలల సగటు లెక్కన తేలిన మొత్తము, ఈ రెంటిలో తక్కువదానిని ఆక్షేపణతో చెల్లించినచో వివాదము తేలువరకు సరఫరా నిలుపరాదు. ఫిర్యాదుల పరిష్కార వేదికయు, దానిపై విద్యుత్ అంబుడ్స్‌మనును కలరు.

సంస్థలు చేయవలసినదియు ఒకటి కలదు. ఒప్పంద పత్రమును సుబోధకమైన తెలుగున అచ్చొత్తించి, వ్రాలుకు ముందే గృహస్థుని చేతికిచ్చి, చదువుకొనుటకు వ్యవధి నీయవలెను. వ్రాలు చేసిన పిదప ఒక ప్రతి అతనికి చెందవలెను. ఇది అడుగుటకు పౌరుడు సంకోచింపరాదు. తాను దేనికి ఒప్పుకొనుచున్నాడో తెలియక వ్రాలు చేయుట స్వతంత్ర దేశపు పౌరునకు తగిన పని కాదు.