బైట్ల ప్రవాహ విసంకేతనం

ఫైలు నుండి గాని, నెట్‌వర్కు నుండి గాని ముక్కలు ముక్కలుగా వచ్చే బైట్లను తిరిగి అక్షరాలుగా మార్చే ప్రక్రియను బైట్ల ప్రవాహ విసంకేతనం లేదా డీకోడింగ్ అంటారు. బైటు అనగా 0 నుండి 255 వరకు గల ఒక సంఖ్య. ఏ సంఖ్యల వరుస ఏ అక్షరమో నిర్ణయించే పద్ధతులలో నేడు అత్యధికంగా వాడుకలో ఉన్నది యూటీఎఫ్-8. దీనిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించారు. ఈ వ్యాసం పైథాన్ భాషలో ఆ పనిని పొరపాటు లేకుండా చేసే విధానాన్ని వివరిస్తుంది.

సమస్య

యూటీఎఫ్-8లో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు చాలును. తెలుగులో అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు వీటిలో ప్రతిదానికీ మూడేసి బైట్లు కావాలి. ఉదాహరణకు 'త' అనగా 224, 176, 164. 'తెలుగు' అనే మూడక్షరాల మాటలో ఆరు సంకేతాలు, 18 బైట్లు ఉంటాయి.

ప్రవాహాన్ని 1024 బైట్ల చొప్పున చదువుతున్నామనుకుందాం. ఖాళీలు, విరామచిహ్నాలు లేని తెలుగు పాఠ్యమైతే మొదటి ముక్కలో 341 సంకేతాలు పోగా ఒక బైటు మిగులుతుంది. దాని తోడు బైట్లు రెండూ తరువాతి ముక్కలో ఉంటాయి. ఏ ముక్కకు ఆ ముక్కను డీకోడ్ చేస్తే పైథాన్ దోషం చూపి ఆగిపోతుంది. ఆంగ్లంతో మాత్రమే పరీక్షించిన ప్రోగ్రాములో ఈ లోపం కనబడదు. నెట్‌వర్కు నుండి వచ్చే ముక్కల పరిమాణం స్థిరం కాదు గనుక, అదే తెలుగు పాఠ్యం ఒకసారి సరిగా వచ్చి మరొకసారి చెడిపోవచ్చును.

తప్పుడు పరిష్కారం

దోషాన్ని తప్పించుకొనుటకు కొందరు 'ఇగ్నోర్' అనే ఐచ్ఛికాన్ని వాడుతారు. ఇది అర్థం కాని బైట్లను చెప్పకుండా పారవేస్తుంది. 'పాలు' అనే మాటలో దీర్ఘపు గుర్తు రెండు ముక్కల మధ్య తెగితే, ఆ మూడు బైట్లూ పోయి 'పలు' అనే మరో మాట మిగులుతుంది. చదువరికి అనుమానమైనా రాదు. 'రీప్లేస్' అనే ఐచ్ఛికం పోయిన చోట ప్రశ్నార్థకం గల గుర్తును ఉంచుతుంది. పాఠ్యం ఎలాగూ చెడినా, చెడినట్లు తెలుస్తుంది గనుక ఇది కొంత నయం.

సరైన పద్ధతి

పైథాన్‌లోని 'కోడెక్స్' మాడ్యూలులో ఇంక్రిమెంటల్ డీకోడర్ ఉన్నది. ఇది 2006లో విడుదలైన 2.5 సంచికతో వచ్చింది. ముక్క చివర అసంపూర్ణంగా ఉన్న బైట్లను ఇది తనవద్ద దాచుకొని, తరువాతి ముక్క రాగానే వాటితో కలిపి అక్షరం చేస్తుంది. ప్రవాహమంతటికీ ఒకే డీకోడరును వాడాలి. ముక్కకొకటి సృష్టిస్తే దాచిన బైట్లు పోతాయి. చివరి పిలుపులో 'ఫైనల్' విలువను 'ట్రూ' అని ఇవ్వడం చాలామంది మరచిపోతారు. అలా ఇవ్వకపోతే, మధ్యలో తెగిపోయిన ప్రవాహం కూడా పూర్తిగా వచ్చినట్లే కనబడుతుంది.

ఫైలును పాఠ్యరూపంలో తెరచి, సంకేత పద్ధతి పేరు ఇస్తే పైథాన్ ఈ పనిని తానే చేసుకొంటుంది.

అక్షరం, సంకేతం

డీకోడర్ కాపాడేది సంకేతాన్ని మాత్రమే, తెలుగు అక్షరాన్ని కాదు. 'తె'లోని 'త' ఒక ముక్కలోను, ఎత్వం మరొక ముక్కలోను రావచ్చును. రెండూ సరిగానే డీకోడ్ అవుతాయి. కాని వేర్వేరుగా తెరపై చూపితే ఎత్వం చుక్కల వలయం మీద ఒంటరిగా కనబడవచ్చును. అందువలన డీకోడ్ అయిన పాఠ్యాన్ని వరుసగా చేర్చి, పంక్తి పూర్తి అయిన తరువాతనే చూపడం, లెక్కించడం చేయాలి.