ఏడు దినముల మందు

గుడివాడలోను, దివిసీమ చెంతనున్న ఘంటసాలలోను ప్రాచీన బౌద్ధ స్తూపముల శిథిలములు కలవు. ఇల్లు విడిచిన భిక్షువు జబ్బుపడినచో చూచుటకు తల్లిదండ్రులు దగ్గర నుండరు. అందుచే తోటి భిక్షువులే రోగికి పరిచర్య చేయవలెనని బౌద్ధ వినయము విధించినది. నేయి, వెన్న, నూనె, తేనె, చెరకుపాకము అను ఐదింటిని మందులుగా అనుమతించినది. మధ్యాహ్నము దాటిన పిమ్మట భిక్షువులకు భోజనము నిషిద్ధము. అయినను రోగి వీనిని పుచ్చుకొనవచ్చును. ఏడు దినములకు మించి మాత్రము నిలువ చేయరాదు.

ఇవి నీరసించిన దేహమునకు శక్తి నిచ్చును. తేనెలోని చిక్కని చక్కెర సూక్ష్మజీవులలోని నీటిని లాగివేయును. కనుక అవి అందు పెరుగజాలవు.

కృష్ణకు ఎగువన నాగార్జునకొండలో 3వ శతాబ్దపు శాసనమొకటి ‘విగతజ్వరాలయము’ను, అనగా జ్వరము తొలగించు నెలవును, పేర్కొనుచున్నది. నాటి మందులు కొద్దివి. రోగిని ఒంటరిగా విడువరాదను నియమమే వానికన్న పెద్ద మందు.